అయిదు దాటేదాకా ఆగమంటారా?

రాష్ట్ర వైద్య ఆరోగ్య రంగాన్ని నడుపుతున్న అధికారులకు, శ్రీకాకుళం జిల్లా ప్రజాప్రతినిధులకు, డాక్టర్ల సంఘాల పెద్దలకు, కిడ్నీ జబ్బు పీడిస్తున్న మా ఉద్దానం ప్రాంతం నుంచి ఆ జబ్బు గురించి ఒక కాంపౌండరు రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఉద్దానం అంచున ఉన్న ఒక చిన్న పట్టణంలో, రైలు గేటుకి ఇవతల, ఒక డాక్టరు గారి దగ్గర 1985 నుంచి ముప్పయ్యెనిమిదేళ్ళు కాంపౌండరుగా పనిచేశాను. 2023లో ఆయన పోయారు. క్లినిక్ మూతపడింది. అప్పటి నుంచి ఈ జబ్బు విషయంలో మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఏ సమస్యో, ఎలా పరిష్కారమైందో అందులో లేదు. మూడోసారి ఇది మా పరిధిలోకి రాదన్నారు. ఎవరి పరిధిలోకి వస్తుందో చెప్పి ఉంటే అక్కడికే వెళ్ళేవాణ్ణి.

అందుకని అందరికీ కనబడేలా ఇలా రాస్తున్నాను. ఊరి పేరు, ఆఫీసు పేరు, ఆసుపత్రి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు ఏ గుమాస్తాకో, ఏ నర్సమ్మకో మెమో వెళ్తుంది, అక్కడితో ఫైలు మూసేస్తారు. నా గొడవ వాళ్ళతో కాదు.

ముందు మా డాక్టరు బాబు గురించి కొంచెం చెప్పాలి. మా వైపు డాక్టరుని అలాగే పిలుస్తాం. ఆయన చేసిన పని ఏమిటో తెలిస్తే గానీ ఇప్పుడు మాకు ఏది లేకుండా పోయిందో మీకు తెలియదు.

విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, పెంకుటింట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ప్రాక్టీసు పెట్టారు. పీజీ చెయ్యలేదు. నేను చేరిన రోజుల్లో ఫీజు రెండు రూపాయలు, చివరి ఏడాది ముప్పై. లేనివాళ్ళు కొబ్బరికాయలు తెచ్చేవారు. అవి వరండాలో గుట్టపడితే అమ్మగారు విసుక్కుంటూ ఎండబెట్టి నూనె ఆడించేవారు. ఆ నూనెతో ఇల్లు గడిచింది గానీ, మేడ లేవలేదు.

అప్పట్లో మిక్చరు నేనే కలిపేవాణ్ణి. సీసా ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. కాగితం ముక్కని నిలువుగా మడిచి, అంచున కత్తెరతో గాట్లు పెట్టి, మైదా జిగురుతో సీసాకి అంటించేవాణ్ణి. ఆరు గాట్లంటే ఆరు మోతాదులు. చదువు రానివాళ్ళకీ ఆ లెక్క తెలిసేది. రెండోసారి వచ్చినప్పుడు డాక్టరు బాబు ముందు సీసా అడిగేవారు. ఎన్ని గాట్లు మిగిలాయో చూసి, మందు సరిగా తాగారో లేదో పట్టేసేవారు. తాగకపోతే అరిచేవారు కూడా. కోపం ఎక్కువ మనిషి. ఆ కోపానికి భయపడి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినవాళ్ళూ ఉన్నారు, అది మంచిదని నేను అనను.

1990ల మధ్యలో అనుకుంటాను, ఆయన నాతో ఒక మాటన్నారు: "ఒరే, ఈ మనుషుల కాళ్ళు చూస్తున్నావా?" ముప్పయ్యైదు, నలభై ఏళ్ళ మగవాళ్ళు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసేవాళ్ళు. నీరసం, ఆకలి లేదు, మొహం పాలిపోయి ఉంటుంది. ఆయన పాదం పైన ఎముక మీద బొటనవేలితో నొక్కిపట్టి పది లెక్కపెట్టి తీస్తే అక్కడ గుంట అలాగే ఉండిపోయేది. షుగరు ఉండదు. బీపీ ఉండదు, ఉన్నా కొంచెమే. విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపితే రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయని చీటీ పట్టుకుని తిరిగొచ్చేవారు. విశాఖ మాకు దాదాపు 200 కిలోమీటర్లు. దగ్గర కదా అని కొందరు ఒడిశాలోని బరంపురం పోయేవారు. అక్కడా అదే మాట.

అప్పటి నుంచి ఆయన ఊరికో పుస్తకం పెట్టారు. కిరాణా కొట్లో వాడే పొడుగాటి అకౌంటు పుస్తకాలు. పుస్తకంలో ఇంటికో పేజీ. ఇంటిపేరు, వయసు, పని, తాగేది ఏ బావి నీళ్ళు, నొప్పి బిళ్ళలు వాడే అలవాటుందా, రాత్రి ఒంటేలుకి ఎన్నిసార్లు లేస్తున్నారు, బీపీ, క్రియాటిన్. క్రియాటిన్ అని మేమనేది రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె, కిడ్నీ పాడయ్యేకొద్దీ అది పెరుగుతుంది. ఒకే పేజీలో తండ్రి, పెద్దకొడుకు, మేనత్త, ముగ్గురి లెక్కలూ పక్కపక్కన పెరుగుతూ పోయిన ఇళ్ళున్నాయి. అలాంటివి మొత్తం 41 పుస్తకాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తోటలతో పాటు క్లినిక్ పెంకులు కూడా పట్టుకుపోయింది. మర్నాడు ఆయన మందుల బీరువా వైపు చూడలేదు, తడిసిన పుస్తకాలు తీయించారు. పడిపోయిన కొబ్బరిమట్టలు పరిచి, వాటి మీద పేజీ పేజీ విప్పి ఎండబెట్టాం. ఓ పక్క అవి ఆరుతుంటే ఇంకో పక్క కప్పు లేని గదిలో గాయాలకు కుట్లు వేస్తున్నారాయన.

ఆయన తప్పు కూడా ఒకటి రాయాలి, ఆయనే రాసుకున్నారు గనక. తొలి రోజుల్లో మా దగ్గర నొప్పి ఇంజెక్షన్లు ధారాళంగా పడేవి. రోజంతా చెట్లెక్కి దిగిన ఒళ్ళు, సూది వేస్తేనే డాక్టరు. నొప్పి మందులు ఈ కిడ్నీలకు చెరుపు చేస్తాయని గట్టిగా అనిపించాక ఒక్కసారిగా మానేశారు. ఆ నెల మా ఓపీ సగానికి పడిపోయింది, డాక్టరు చదువు లేకుండా వైద్యం చేసే పక్క వీధి ఆర్ఎంపీ దగ్గర క్యూ కట్టారు. డాక్టరు బాబు ఆర్ఎంపీల మీద కేసు పెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళని పిలిచి, టీ ఇప్పించి, ఏ మందు ఎందుకు ఇవ్వకూడదో చెప్పేవారు. సగం మంది విన్నారు. అంతకుముందు తాను సూది వేసినవాళ్ళ పేర్ల పక్కన డాక్టరు బాబు తన పుస్తకాల్లో ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టుకున్నారు. ఆ చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇదంతా దానధర్మం కింద చెప్పడం లేదు. ఉచిత వైద్య శిబిరాలు మా ఊళ్ళోనూ జరుగుతుంటాయి, పొద్దున వచ్చి సాయంత్రం బ్యానరు విప్పుకుని పోతారు. ఆయన చేసింది వేరు. ఒకే మనిషిని పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు వదలకుండా చూశారు. క్రియాటిన్ రెండు ఉన్నవాణ్ణి రెండు దగ్గరే ఎన్నాళ్ళు ఆపగలం అన్నదే ఆయన పట్టుదల.

ఇక ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేను అనను. సోంపేట, పలాస, కవిటి లాంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఆయన పోయిన కొన్ని నెలలకు, 2023 డిసెంబరు 14న, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అదే రోజు 700 కోట్ల మంచినీటి పథకాన్ని ప్రారంభించి హిరమండలం నుంచి వంశధార నీళ్ళు మళ్ళించారు. ఆయన చూసి ఉంటే సంతోషించేవారు. ఆ వెంటనే, "మరి జబ్బు మొదలయ్యేచోట ఎవరున్నారు?" అని అడిగేవారు.

ఆ ప్రశ్ననే నేను కింద అంకెలు వేసి రాస్తున్నాను.

1. పరీక్ష.

క్రియాటిన్ పెరిగి కనబడేసరికి కిడ్నీల పని సగం వరకూ పోయి ఉంటుందని డాక్టరు బాబు చెప్పేవారు. అంటే నీరసం వచ్చి, కాళ్ళు వాచి, అప్పుడు ఆసుపత్రికి వచ్చినవాడు చాలా ఆలస్యంగా వచ్చినట్టు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పెద్దవాళ్ళందరికీ ఆర్నెల్లకోసారి రక్తం, మూత్రం పరీక్ష, బీపీ చూడాలి. ఏదో ఒక ఏడాది సర్వే చేసి ఆపేస్తే కుదరదు. వచ్చిన అంకె ఆ మనిషి చేతిలో ఉండే కార్డు మీద, తెలుగులో రాయాలి. ట్యాబులో ఎక్కించాం అంటారు. ట్యాబు మీ దగ్గర ఉంటుంది, కిడ్నీ మా దగ్గర ఉంటుంది.

మంచినీళ్ళొచ్చాయి కదా, ఇక జబ్బు రాదనే మాట కూడా వింటున్నాను. ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగు మందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు, వంశంలో ఉందన్నారు. శ్రీలంకలో వరి రైతులకు, మధ్య అమెరికాలో చెరుకు కూలీలకు ఇలాంటిదే వస్తోందట, అక్కడా పూర్తిగా తేలలేదు. తేలనప్పుడు పరీక్ష ఆపకూడదు.

2. అయిదు.

డయాలసిస్‌కి వెళ్ళని కిడ్నీ రోగులకు కూడా పింఛను పెట్టారు. మంచిదే. కానీ దానికి ముఖ్యంగా చూసేది క్రియాటిన్ అయిదు దాటిందా లేదా అన్నదే. నిరుడు వేసవిలో జీడి తోటల్లో పనిచేసే ఒకాయన రిపోర్టు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను కాంపౌండరునే గానీ డాక్టరును కాదని అతనికీ తెలుసు, అయినా ఇంకెవరి దగ్గరికి పోతాడు? రిపోర్టులో 4.3 ఉంది. నేను ఉప్పు తగ్గించమని, నొప్పి బిళ్ళ ముట్టొద్దని పాత పాఠమే మొదలుపెట్టాను. అతను మధ్యలో ఆపి, "అది కాదు బాబూ, నాది ఎప్పటికి అయిదవుతాది?" అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. జబ్బు ముదరాలని మనిషి ఎదురుచూసే పరిస్థితి ఎవరూ కావాలని తెచ్చింది కాదు, కానీ వచ్చింది. క్రియాటిన్ రెండు దాటిన ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత నెలసరి సాయం పెట్టండి. దానికి షరతుగా రెండు నెలలకోసారి డాక్టరుకు చూపించుకున్నట్టు కార్డు మీద సంతకం అడగండి. డబ్బు కోసమైనా వస్తారు. వచ్చినవాళ్ళ కిడ్నీలు కొన్నేళ్ళు ఎక్కువ నిలుస్తాయి. డయాలసిస్ ఖర్చుతో పోల్చి లెక్క మీరే వేసుకోండి, నాకన్నా మీకే బాగా తెలుసు.

3. మారని డాక్టరు, సాయంత్రం ఓపీ.

2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పథకం తెచ్చారు. నెలకు రెండుసార్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు, ఊరూరా తిరిగే 104 వైద్యం బండి ఊరికి రావడం మంచి ఆలోచన. అయితే మా వైపు డాక్టర్లు నిలవరు. ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ వస్తే వెళ్తారు. పాతికేళ్ళ పిల్లలు, వాళ్ళని తప్పుపట్టను. ఉండడానికి సరైన క్వార్టర్సు ఉండదు, నలుగురి పని ఒకరి మీద పడుతుంది. కానీ డాక్టరు మారినప్పుడల్లా రోగి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచే ఒకావిడ సంగతి చెబుతాను. డాక్టరు బాబు పుస్తకంలో ఆవిడ క్రియాటిన్ మొదట 2.6. ఏడేళ్ళ తర్వాత 3.1. రెండు నెలలకోసారి వచ్చేది, బీపీ బిళ్ళ మానేది కాదు. ఆయన పోయాక ప్రభుత్వ ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ వేర్వేరు డాక్టర్లున్నారు. ఓపీ పొద్దున పూటే. పొద్దున వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. మూడోసారి మానేసింది. మోకాలి నొప్పికి ఎక్కడో బిళ్ళలు తీసుకుంది. ఏడాదిన్నరకు డయాలసిస్ మంచం మీద చూశాను. అంతకుముందు సంతలో ఒకసారి ఎదురుపడి, "కాళ్ళు కొంచెం బరువుగా ఉన్నాయి అన్నయ్యా" అంది. ఆసుపత్రికి వెళ్ళమని చెప్పి నా దారిన నేను వెళ్ళిపోయాను. అక్కడే కూర్చోబెట్టి పాదం మీద నొక్కి చూడాల్సింది. ముప్పయ్యెనిమిదేళ్ళు చేసిన పనే అది.

మేము అడిగేది: ఉద్దానం పీహెచ్‌సీల్లో కనీసం మూడేళ్ళు ఉండే డాక్టర్లు. ఉన్నందుకు అదనపు జీతం, పీజీ సీట్లలో అదనపు మార్కులు, మనిషి ఉండదగ్గ క్వార్టర్సు. వారానికి మూడు రోజులు సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఓపీ. మా క్లినిక్‌లో రద్దీ ఎప్పుడూ ఆ వేళకే ఉండేది, ఎందుకంటే మా వాళ్ళు తోటల నుంచి వచ్చేది అప్పుడే.

4. నొప్పి బిళ్ళ.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద రూలు ఉంది. మా వైపు చాక్లెట్ అడిగినట్టు అడిగి తెచ్చుకుంటారు. షాపులపై దాడులు చేసి రెండు రోజులు పేపర్లో ఫోటోలు వేసుకుంటే పని కాదు. మిగతా జిల్లాల సంగతి ఎలా ఉన్నా, ఈ ఏడు మండలాల్లో మాత్రం ఈ మందులు ఏ షాపుకు ఎన్ని వచ్చాయి, ఎన్ని చీటీల మీద అమ్మారు అన్న లెక్క నెలనెలా చూడండి. నొప్పి నిజమే కాబట్టి దానికి బదులు ఏమి వాడాలో కూడా చెప్పేవాళ్ళు ఉండాలి.

5. డయాలసిస్‌కి వెళ్ళొచ్చే దారి.

దీని గురించి సొంత అనుభవంతో రాస్తున్నాను. మా తమ్ముడికి మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. మిషను మీద నాలుగు గంటలు. మిషనుకి డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. కానీ పొద్దున అయిదింటికి ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణంలో వాడికి కళ్ళు తిరుగుతాయి కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి వారంలో రెండు రోజుల కూలి వదులుకోవాలి. నేను రిటైరైనవాణ్ణి, నాకు కూలి పోదు. నా పక్క కుర్చీలో కూర్చునే కుర్రాడు తండ్రి కోసం ఇంటర్ మానేశాడు. పింఛనులో పెద్ద ముక్క ఆటోలకే పోతోంది. డయాలసిస్ వేళలకు సరిపోయేలా ఊళ్ళ మీదుగా తిరిగే వ్యాన్లు పెట్టండి.

ఇంకొకటి. మాది తుపాన్ల దారి. తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్ల నిండా చెట్లు పడి ఉన్నాయి. అప్పుడు మా డాక్టరు బాబు డయాలసిస్ వాళ్ళ పేర్లు పుస్తకంలోంచి తీసి, ఒక ట్రాక్టరు మాట్లాడి, దారి దొరికినంత దూరం పంపించారు. తుపాను హెచ్చరిక రాగానే ఎవరిని ఎక్కడికి ముందే తరలించాలి, ఏ జనరేటరులో ఎంత డీజిలు ఉంది అన్న జాబితా ప్రతి సెప్టెంబరులో సిద్ధంగా ఉండాలి. ట్రాక్టరు మాట్లాడే మనిషి ఇప్పుడు లేడు.

6. పరిశోధకులకు.

మా రక్తం తీసుకెళ్ళని సంస్థ లేదేమో. ఢిల్లీ వాళ్ళు, విదేశాల వాళ్ళు, అందరూ వచ్చారు. మేము చెయ్యి చాపాం. ఆ గొట్టంలో ఏమి కనబడిందో తిరిగొచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. ఇక నుంచి ఊళ్ళో నమూనా తీసుకుంటే ఆ ఊరి రచ్చబండ దగ్గరే ఫలితం చదివి వినిపించాలని అనుమతి పత్రంలోనే షరతు పెట్టండి.

7. డాక్టర్ల సంఘాలకు.

మిమ్మల్ని ఉచితంగా పనిచేయమని అడగడం లేదు. మా డాక్టరు బాబు సంతాప సభలో చాలామంది పెద్దలు "అలాంటి త్యాగమూర్తులు ఇక పుట్టరు" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన త్యాగం చేస్తున్నానని ఎప్పుడూ అనుకోలేదు, రోజూ సాయంత్రం పకోడీ తినేవారు, క్రికెట్ ఉంటే ఓపీ అరగంట ఆలస్యంగా మొదలుపెట్టేవారు. మామూలు ఎంబీబీఎస్ డాక్టరు. ఆయన్ని దేవుణ్ణి చేస్తే ఆ పని ఇంకెవరూ చెయ్యక్కర్లేదని అర్థం. చిన్న పట్టణంలో జనరల్ ప్రాక్టీసు పెట్టాలనుకునే కుర్రవాళ్ళకు తోడు నిలవండి. కిడ్నీ డాక్టర్లు (నెఫ్రాలజిస్టులు) నెలకొక రోజు ఫోనులో అందుబాటులో ఉన్నా చాలు. మా జిల్లాలో పుట్టి హైదరాబాదులో, అమెరికాలో స్థిరపడిన డాక్టర్లకు కూడా ఇదే చెబుతున్నాను.

ఆయనకు విగ్రహం పెడతామని కొందరు చందాలు మొదలుపెట్టారు. పెట్టొద్దని అమ్మగారు కూడా చెప్పారు. ఆ డబ్బుతో క్రియాటిన్ పరీక్షకు కావలసిన సామాను కొని పీహెచ్‌సీకి ఇవ్వండి.

8. పుస్తకాలు.

41 పుస్తకాలు మా ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నాయి. రెండింటికి చెదలు పట్టాయి, వేపాకు వేసి కాపాడుతున్నాను. తుపానులో తడిసినవాటిలో సిరా వెలిసిపోతోంది. నా అర్జీల్లో ముఖ్యమైన కోరిక ఇదే, దీనికే జవాబు రాలేదు. బాధ్యత గల అధికారి ఎవరైనా వచ్చి, సంతకం పెట్టి తీసుకెళ్ళి, పేజీలన్నీ స్కాన్ చేయించి, అసలు పుస్తకాలు అమ్మగారికి తిరిగి అప్పగించాలి. అందులో మనుషుల పేర్లున్నాయి, ఇళ్ళ గుట్లున్నాయి. అవి పేపర్లకెక్కకూడదు. పేర్లు తీసేసిన లెక్కలు మాత్రం పరిశోధకులకు, ఏ ఇంటి లెక్క ఆ ఇంటికి చేరాలి. ఆయన చూసినవాళ్ళలో ఇంకా క్రియాటిన్ రెండు, మూడు మధ్య ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళని వెతికి పట్టుకోవడానికి సర్వే అక్కర్లేదు, ఈ పుస్తకాలు చాలు. అక్షరం అర్థం కాకపోతే పక్కన కూర్చుని చదివి పెడతాను. ఆయన రాత నాకు తప్ప ఎవరికీ రాదు.

పెట్టె తాళం నా దగ్గరే ఉంది. మంగళ, శుక్రవారాలు తప్ప ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక కాంపౌండరు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా.